పాటల టీచరు భుజం

ఆ ఆసుపత్రిలో ఎముకల సర్జన్‌కు వెనకాల అందరూ పెట్టుకున్న పేరు ఉరుము. ముందు మాత్రం సర్. హస్తవాసి మంచిదని ఆయనకు బయట ఎంత పేరుందో, నోరు మంచిది కాదని ఆపరేషన్ థియేటర్లో అంత పేరుంది. కత్తెర అందించడం కాస్త ఆలస్యమైతే ఉరుముతాడు. దీపం అటో ఇటో జరిగితే ఉరుముతాడు. ఉరమని వేళల్లో పాడతాడు. ఈ రెంటిలో ఏది నయమో తేల్చుకోలేక పెద్ద సిస్టర్ చెవుల్లో దూది పెట్టుకున్న రోజులున్నాయి. పాత సినిమా పాటలంటే ఆయనకు ప్రాణం. ఆ పాటల ప్రాణం తీసేదీ ఆయనే.

బల్లమీద ఉన్న పేషెంటుకు మాత్రం ఏ బాధా లేదు. ఒళ్ళు తెలియని నిద్రలో ఉంటాడు. ఆ నిద్రను ఇచ్చేది మత్తు డాక్టరు. మాట మెత్తన, పట్టు గట్టి. కొంతకాలంగా ఆమెను ఒక ఆలోచన పట్టుకుని వదలడం లేదు.

భుజంలో కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండన్ ఒకటుంది. అది తెగితే కుట్టాలి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చారెడంత చోట కుట్లు వేయడానికి మనిషినంతా నిద్రపుచ్చడం దేనికి? చేతికి వెళ్ళే నరాలన్నీ మెడ కింద ఒక కట్టగా దిగుతాయి. ఆ కట్ట పక్కన కాస్త మందు వేస్తే చెయ్యి ఒక్కటే నిద్రపోతుంది, మనిషి మెలకువగా ఉంటాడు. గొంతులోకి గొట్టం అక్కర్లేదు. లేచాక వాంతులూ, తల దిమ్మూ ఉండవు.

దానికి తోడు ఇంకో ప్రశ్న. పేషెంటు రక్తమే కొంచెం తీసి యంత్రంలో గిరగిరా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన పచ్చటి రసం తేలుతుంది. గాయాన్ని మాన్పే ప్లేట్‌లెట్లు అందులో దండిగా ఉంటాయి. దాన్ని పీఆర్‌పీ అంటారు. కుట్టిన చోట ఆ రసం వేస్తే నొప్పి తగ్గుతుందని కొందరు, అదంతా వట్టి ఆర్భాటమని కొందరు. 'అనుకోవడం దేనికి, చేసి చూస్తే పోలేదా' అని ఆమె పరిశోధన తలపెట్టింది. సగం మందికి ఆ రసం, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో పేషెంటుకు గాని, సర్జన్‌కు గాని, చివరికి ఆమెకు గాని తెలియకూడదు. ఆసుపత్రి కమిటీ కూడా తల ఊపింది. తల అడ్డంగా ఊపింది ఒక్క సర్జనే.

"మెలకువగానా? నేను పని చేస్తుంటే మనిషి కళ్ళు తెరుచుకుని ఉంటాడా? నావల్ల కాదు మేడమ్."

"మధ్యలో తెర కడతాం సర్. ఏమీ కనబడదు."

"వినబడదా?"

దీనికి ఆమె దగ్గర జవాబు లేదు. పెద్ద సిస్టర్ దగ్గర చాలా పెద్ద జవాబే ఉంది గాని, ఆవిడ అక్కడే ఇంకా కొన్నేళ్ళు ఉద్యోగం చేసుకోవలసిన మనిషి.

అట్లా పరిశోధన ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండగా, ఒకరోజు పాటల టీచరు వచ్చింది. ఆవిడ బడిలో పిల్లలకూ, ఇంట్లో పెద్దలకూ పాటలు నేర్పుతుంది. పిల్లల పోటీ అయ్యాక స్టేజీ మెట్లు దిగుతూ జారింది. పడకుండా పక్కనున్న కమ్మీ పట్టుకుంది.

"నేను పడలేదండీ, నా భుజమే పడిపోయింది" అంది సర్జన్‌తో. కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం లేదు. స్కాన్ చూసి సర్జన్ టెండన్ తెగిందన్నాడు, కుట్టాలన్నాడు. నిద్రపుచ్చి, గొంతులో గొట్టం వేసి చేస్తామన్నాడు.

"గొంతులోనా?" ఆవిడ లేచి నిలబడింది. "భుజం తెగితే గొంతులో చెయ్యి పెడతారేమిటి బాబూ? ఈ గొంతే నాకు అన్నం పెట్టింది."

"సాధారణంగా ఏమీ కాదమ్మా."

"సాధారణంగా నేనూ మెట్లమీద జారను."

అదే గదిలో ఏదో రిపోర్టు చూస్తున్న మత్తు డాక్టరు తల వంచుకుని నవ్వు దాచుకుంది. తర్వాత టీచరును తన గదికి తీసుకువెళ్ళి, కుర్చీ వేసి, తన పరిశోధన మొదటినుంచీ చెప్పింది. టీచరు మధ్యమధ్య ఆపి, మంచి విద్యార్థిలా సందేహాలు అడిగింది.

"అంటే నా రక్తం నాకే పోస్తారు. లేదా ఉప్పునీళ్ళు పోస్తారు. ఏది పోశారో మీకే తెలీదు."

"తెలీదండీ."

"ఏది మంచిదో కూడా తెలీదు."

"తెలిస్తే పరిశోధనే అక్కర్లేదు టీచరుగారూ."

"బాగుంది. ఇంతకుముందు నాకెవరూ తెలీదని చెప్పలేదు. అందరికీ అన్నీ తెలుసు." ఆవిడ ఎడంచేత్తో గొంతు తడుముకుంది. "మరి దీని సంగతి?"

మత్తు డాక్టరు ఒక్క క్షణం తటపటాయించింది. చెప్పకపోతే ఈవిడ ఒప్పుకుంటుంది. చెబితే లేచి వెళ్ళిపోవచ్చు. అయినా చెప్పింది. "గొట్టం వెయ్యను. కానీ నేను మందు వేసే చోటికి దగ్గర్లోనే గొంతుకు వెళ్ళే నరం ఉంది. ఆ మందు అటు పాకితే గొంతు బొంగురుపోతుంది. కొన్ని గంటలే. మందు దిగిపోగానే మళ్ళీ వస్తుంది. అటు పాకకుండా మందు తక్కువ వేస్తాను, కాస్త కిందగా వేస్తాను. అయినా పాకదని మాట మాత్రం ఇవ్వలేను."

టీచరు గొంతుమీంచి చెయ్యి తీసేసింది.

"మీ గొంతులో అబద్ధం లేదమ్మా. నేను గొంతులు వినే మనిషిని. కానివ్వండి."

ఇక సర్జన్ వంతు. పేషెంటే మెలకువగా చేయమని పట్టుబడితే కాదనడం ఆయనకూ కుదరలేదు. "ఒక్కటంటే ఒక్కటి చేస్తాను. ఆవిడ మాట్లాడకూడదు, నేనూ మాట్లాడను" అని షరతు పెట్టాడు. ఆ సంగతి తెలిసి పెద్ద సిస్టర్ ఇంట్లో స్వీట్లు పంచిందని ఒక పుకారు.

ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టరుకు ముద్ద దిగలేదు. అత్తగారు కంచం వంక చూసి, "ఊరందరినీ నిద్రపుచ్చేదానివి, ఇవాళ ఒక్కరిని మెలకువగా ఉంచాలంటే ఇంత కంగారేమిటే అమ్మాయ్?" అంది.

"నిద్రపోయినవాళ్ళు అడగరు అత్తయ్యా. మెలకువగా ఉన్నవాళ్ళు అడుగుతారు."

"అడిగితే చెప్పు. నోరు లేదా?" అని ఇంకో చెంచా కూర వేసింది అత్తగారు.

థియేటర్లో టీచరును వాలుకుర్చీలాంటి బల్లమీద కూర్చోబెట్టారు. మత్తు డాక్టరు ఆమె కాలర్ ఎముక పైన అల్ట్రాసౌండ్ పెట్టి, దాని మానిటర్‌లో నల్లటి గుండ్రాలుగా కనబడే నరాలు చూసుకుంటూ సన్నటి సూదితో మందు వేసింది. కాసేపటికి టీచరు తన కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి చూసి, "ఇదెవరి చెయ్యమ్మా? నాది కాదు" అంది. ఇంకో సిస్టర్ ఆమె రక్తం కొంచెం తీసి పక్కగదిలోకి తీసుకువెళ్ళింది. అక్కడ యంత్రం గుయ్యిమంటూ తిరిగింది. ఎవరికి ఏది అన్నది అక్కడే తేలుతుంది. ఆ గదిలోంచి వచ్చే సిరంజికి వెండికాగితం చుట్టి ఉంటుంది కాబట్టి లోపల పచ్చరసముందో తెల్లనీళ్ళున్నాయో ఎవరికీ కనబడదు.

తెర కట్టారు. తెరకు అవతల సర్జన్, ఇవతల టీచరు తల, ఆ తలపక్కన స్టూలుమీద మత్తు డాక్టరు.

సర్జన్ మాట నిలబెట్టుకున్నాడు. పెదవి విప్పలేదు. ఏం కావాలన్నా చేతితో సైగ చేశాడు. థియేటర్లో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. మొదట్లో అందరికీ హాయిగానే ఉంది. తర్వాత తర్వాత ఆ హాయి బిగుసుకుపోయింది. ఎందుకంటే సర్జన్ చేతులు ఎప్పటిలా ఆడటం లేదు. మామూలుగా నీళ్ళలో చేపల్లా కదిలే వేళ్ళు చలికి కొంకర్లు పోయినట్టున్నాయి. మొదటి దారం జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. ఉరమడానికి లేదు, ఊరుకోవడం చేతకాదు. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు పాపం.

మూడోసారి దారం అందుకుంటూ, తనకు తెలియకుండానే సన్నగా ఒక పాత పాట ఎత్తుకున్నాడు. దారం నిలబడింది. వేళ్ళలోకి వేడి వచ్చింది. పాట కాస్త పెరిగింది. పెరిగి, పై స్థాయికి ఎక్కబోయి, మెట్టు తప్పింది.

సరిగ్గా అప్పుడే మత్తు డాక్టరు ముందున్న మానిటర్ మీద టీచరు రక్తపోటు గబుక్కున పైకి లేచింది. టీచరు కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు బిగించింది. డాక్టరుకు ఒకటే తోచింది: మందు చాల్లేదు! ఆమె టీచరు చెవి దగ్గరికి వంగింది.

"టీచరుగారూ, నొప్పిగా ఉందా?"

"ఉందమ్మా."

"ఎక్కడ? భుజంలోనా?"

"భుజంలో కాదు. చెవుల్లో."

పెద్ద సిస్టర్ ఒక్కసారి దగ్గింది. ఆ దగ్గు నిజమైన దగ్గు కాదని అక్కడున్న అందరికీ తెలుసు. తెర అవతల పాట ఠక్కున ఆగింది. సర్జన్ మొహానికి మాస్కు ఉంది గాని చెవులకు లేదు. అవి రెండూ మిరపపళ్ళలా ఎర్రబడ్డాయి. 'ఇక అయిపోయింది. పరిశోధన ఇవాళే పుట్టింది, ఇవాళే పోయింది' అనుకుంది మత్తు డాక్టరు.

టీచరే మళ్ళీ మాట్లాడింది. "ఆపకండి బాబూ. పాట మంచిదే, గొంతూ మంచిదే. మీరు ఎత్తుకోవడమే రెండు మెట్లు పైన ఎత్తుకున్నారు. ఇంక పైకి పోవడానికి చోటేదీ?"

"అమ్మా, నేనిక్కడ మీ భుజం కుట్టాలా, పాట కుట్టాలా?" తెర అవతలి గొంతు ఉరమబోయి, ఎందుకో ఆగింది.

"రెండూ కుట్టండి. ఇదిగో, శ్రుతి నేను పెడతాను" అని టీచరు పెదవులు మూసి సన్నగా, నిలకడగా, తేనెపట్టు రొదలా ఒక స్వరం పట్టింది.

సర్జన్ గొంతు సవరించుకున్నాడు. కింద నుంచి ఎత్తుకున్నాడు. మొదటి చరణంలో రెండుచోట్ల వణికాడు. టీచరు స్వరం ఆయన్ని చెయ్యిపట్టుకున్నట్టు పట్టుకుని దారిలో పెట్టింది. ఇంతకుముందు మెట్టు తప్పిన చోటికి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎక్కేశాడు. పెద్ద సిస్టర్ తలతిప్పి ఆయన వంక చూసింది, ఎవరో కొత్త డాక్టరు వచ్చాడేమో అన్నట్టు. కుట్లు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. టీచరు రక్తపోటు చల్లగా దిగి తన చోట కూర్చుంది.

రెండో పాట సగంలో ఉండగా ఆ శ్రుతి చిరిగింది. స్వరం గరగరమని, ఆ మీద గాలి మాత్రమే మిగిలింది. టీచరు మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఎడంచెయ్యి దేనికోసమో వెతికింది. మత్తు డాక్టరు ఆ చేతిని పట్టుకుంది. ఊపిరి చూసింది, ఆక్సిజన్ అంకె చూసింది. రెండూ బాగున్నాయి. తన కంగారు గొంతులోకి రానివ్వకుండా చెప్పింది:

"టీచరుగారూ, నేను ముందే చెప్పింది ఇదే. మందు కాస్త అటు పాకింది. ఊపిరి బాగా ఆడుతోంది. సాయంత్రానికి మందు దిగుతుంది, గొంతు వస్తుంది. అంతదాకా నేను ఇక్కడ్నుంచి కదలను."

తెర అవతల పాట ఆగిపోయింది. "ఏమైంది? ఆవిడ బాగానే ఉన్నారా?" అన్నాడు సర్జన్. ఆ గొంతు అంత మెత్తగా పలకగలదని అక్కడ పనిచేసే వాళ్ళెవరికీ తెలియదు.

టీచరు డాక్టరును దగ్గరికి రమ్మని కళ్ళతో పిలిచి, గాలితో చెప్పింది: "పాడమనండి. తాళం నేను వేస్తాను."

అని డాక్టరు అరచేతిలోనే వేలితో తాళం వెయ్యడం మొదలుపెట్టింది. డాక్టరు తన రెండో చేత్తో స్టూలుమీద ఆ తాళాన్ని తెర అవతలికి వినబడేలా కొట్టింది. సర్జన్ ఒంటరిగా పాడాడు. అక్కడక్కడ తడబడ్డాడు గాని దారి వదలలేదు. చివరి కుట్టు వేసి, వెండికాగితం చుట్టిన సిరంజి అందుకుని కుట్టిన చోట మందు వదిలాడు. ఆ రోజంతా థియేటర్లో ఎవరిమీదా ఉరమలేదు.

సాయంత్రం మత్తు డాక్టరు వార్డులో టీచరు మంచం పక్కనే కూర్చుంది. సర్జన్ ఏదో పని ఉన్నట్టు గుమ్మం దాకా వచ్చి, రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు. మూడోసారి వచ్చినప్పుడు టీచరు కుడిచేతి వేళ్ళు నెమ్మదిగా కదిలాయి. మందు దిగుతోంది. ఆవిడ గుటక వేసి, కళ్ళు మూసుకుని, లోపల్నుంచి ఒక కిందిస్వరం తీసింది. ముందు గరగర. తర్వాత నూలుపోగులా సన్నగా ఒక జాడ. ఆ జాడ పట్టుకుని మెట్టుమెట్టుగా పైకి ఎక్కింది. పై స్థాయికి చేరి అక్కడ నిలబడింది. పక్కమంచం మీది ముసలాయన తన కాలికట్టు సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. మత్తు డాక్టరు కళ్ళు తుడుచుకుంది.

టీచరు గుమ్మం వైపు తిరిగి, "బాబూ, రెండో పాటలో తాళం పరిగెత్తించారు. ఎవరు తరుముకొచ్చారు?" అంది. చాలా రోజుల తర్వాత సర్జన్ నవ్వును ఆ వార్డు విన్నది.

రాత్రికి నొప్పి ఎలా ఉందంటే, "మూలిగేంత లేదమ్మా. అయినా పాడగా పాడగా రాగం, మూలగగా మూలగగా రోగం అన్నారు. నేను మొదటిదే చేస్తాను" అంది.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసేదే గాని, మత్తు డాక్టరు జరిగింది జరిగినట్టు రాసే మనిషి. గొంతు బొంగురుపోయిన సంగతీ రాసింది, పాట సంగతీ రాసింది. పరిశోధనల లెక్కలు చూసే ఆయన ఆ కాగితం పట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు.

"మేడమ్, ఈ పేషెంటుకు నొప్పి తక్కువగా ఉంది. సిరంజిలోని మందు వల్ల తగ్గిందా, పాట వల్ల తగ్గిందా?"

"నాకూ అదే సందేహమండీ."

"కొందరికి పాడి కొందరికి పాడకపోతే లెక్క గంగపాలే. పాడితే అందరికీ పాడాలి. లేకపోతే ఎవరికీ పాడకూడదు."

"పాడకుండా ఆయన చేతులు ఆడవండీ."

లెక్కలాయన గడ్డం గోక్కున్నాడు. "అయితే అందరికీ పాడమనండి. అవే పాటలు. అదే వరసలో. ఒకరికి బాగా, ఒకరికి బాగోకుండా పాడటానికి వీల్లేదు. పాట నాణ్యత మారకూడదు."

కమిటీ ఒప్పుకుంది. కొత్తగా వచ్చే పేషెంట్లకు ముందే చెప్పాలన్నది ఒక్కటే వాళ్ళు పెట్టిన షరతు. సర్జన్‌కు కబురు పెట్టారు. ఆయన విని తెల్లబోయాడు. వైద్యశాస్త్రం కోసం ఒక మనిషి శ్రుతిలో పాడవలసి రావడం ఆయన ఎక్కడా వినలేదు. రెండురోజులు ముభావంగా తిరిగి, మూడోరోజు సాయంత్రం చేతిలో పళ్ళబుట్టతో పాటల టీచరు ఇంటి తలుపు తట్టాడు. పేషెంటును చూడటానికే వచ్చానన్నాడు. ఆవిడ చేతికి పట్టీ కట్టుకుని ఉంది. బుట్ట అందుకుని, "కూర్చోండి. ముందు సరిగా ఊపిరి తీసుకోవడం నేర్చుకుందాం" అంది. ఆయన మారుమాటాడకుండా చాపమీద పిల్లల పక్కన కూర్చున్నాడు.

తర్వాత వచ్చిన పేషెంట్లు రకరకాలు. లారీ డ్రైవరు ఒకాయన ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ సర్జన్‌తో గొంతు కలిపాడు. లెక్కలాయన అది కూడా రాసుకున్నాడు. పెయింటరు ఒకామె పాట వింటూ వింటూ హాయిగా నిద్రపోయింది. "మెలకువగా ఉంచడానికి ఇంత తంటాలు పడితే ఈవిడ గుర్రు పెడుతోందే" అని పెద్ద సిస్టర్ నోరు నొక్కుకుంది. గొంతు బొంగురుపోయిన వాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, ఇద్దరికీ అదే రోజు వచ్చేసింది. మత్తు డాక్టరు మందు ఇంకొంచెం తగ్గించి, సూది ఇంకొంచెం కిందికి దించాక ఆ ఇబ్బందీ పోయింది. పేషెంటు వింటూ ఉంటాడు కాబట్టి థియేటర్లో ఉరుములు పోయాయి. కత్తెర ఆలస్యమైతే సర్జన్ ఇప్పుడు "సిస్టర్, కొంచెం త్వరగా" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు పెద్ద సిస్టర్ కత్తెర కింద పడేసింది.

చివరికి లెక్కలన్నీ విప్పిన రోజు వచ్చింది. మెలకువగా చేయించుకున్న వాళ్ళు బాగున్నారు, త్వరగా ఇళ్ళకు వెళ్ళారు. అందులో అనుమానం లేదు. పచ్చరసం సంగతే ఎటూ తేలలేదు. మొదటి వారాల నొప్పిలో రసం పడ్డవాళ్ళకూ ఉప్పునీళ్ళు పడ్డవాళ్ళకూ తేడా లేదు. ఆ తర్వాత రసం పడ్డవాళ్ళు చెయ్యి కాస్త ముందుగా ఎత్తినట్టు కనబడింది గాని, అది నిజమో కాకతాళీయమో చెప్పడానికి మనుషులు చాలరు. సర్జన్ ఉసూరుమన్నాడు. మత్తు డాక్టరు మాత్రం "తెలియదు, ఇంకా చూడాలి" అని రాసి, కింద సంతకం పెట్టింది. ఆ రాయడంలో ఆమెకు ఒక తృప్తి ఉంది. కొత్త పరిశోధన అర్జీ అప్పటికే సగం తయారైంది.

పాటల టీచరుకు ఫోన్ చేసి చెప్పింది. "మీకు పడింది ఉప్పునీళ్ళండీ."

అవతల పెద్ద నవ్వు. "అయితే నా రక్తం వృథాగా తిరిగిందన్నమాట! పోనీలెండి, చెయ్యి చక్కగా లేస్తోంది. నిన్న అటకమీది తంబురా నేనే దించుకున్నాను."

"అయ్యో, బరువులు ఎత్తొద్దన్నాం కదండీ!"

"ఎత్తలేదమ్మా, దించాను" అంది టీచరు. "ఉంటాను మరి. కొత్త పిల్లలు వచ్చారు. మీ సర్జన్‌గారు వాళ్ళకు శ్రుతి నేర్పుతున్నారు. నేను పక్కన లేకపోతే రెండు మెట్లు పైన ఎత్తుకునేలా ఉన్నారు."